చైనా నగరాల ర్యాంకులు: వూషీ టైర్-3నా, కొత్త టైర్-1నా?

గాజువాక వంశీ
అందరికీ నమస్కారం. నేను ఆటోమొబైల్ విడిభాగాల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. వచ్చే నెల నుంచి ఏడాది పాటు నన్ను చైనాలో వూషీకి పంపుతున్నారు. ఇంటి అద్దె, రోజువారీ ఖర్చుల భత్యం నగరం టైర్‌ని బట్టి ఇస్తారు. మా హెచ్ఆర్ పట్టికలో వూషీ టైర్-3. ఇంతకుముందు అక్కడ పనిచేసి వచ్చిన సీనియర్ మాత్రం "అది కొత్త టైర్-1 సిటీ, టైర్-3 భత్యానికి ఒప్పుకోకు" అంటున్నాడు. నెట్‌లో వెతికితే రెండు మాటలూ కనిపిస్తున్నాయి. అసలు ఈ టైర్లు ఎవరు నిర్ణయిస్తారు? భార్యనీ పాపనీ తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఈ భత్యం మీదే ఉంది. అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

తూర్పుగాలి
వంశీ గారూ, మీ హెచ్ఆర్ చెప్పిందీ నిజమే, సీనియర్ చెప్పిందీ 2024 జాబితా ప్రకారం నిజమే. ఇద్దరూ వేరువేరు జాబితాలు చూస్తున్నారు.

చైనా జాతీయ గణాంక సంస్థ ప్రతి నెలా 70 నగరాల్లో ఇళ్ళ ధరలు ఎలా మారాయో ప్రకటిస్తుంది. ఆ 70ని మూడు భాగాలు చేసింది. టైర్-1లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్జౌ, షెన్‌జెన్. టైర్-2లో 31 నగరాలు, మిగతా 35 టైర్-3. వూషీ ఈ 35లో ఉంది. మీ హెచ్ఆర్ పట్టిక దీని మీద కట్టిందే అయి ఉంటుంది.

"కొత్త టైర్-1" అనేది షాంఘైలోని యీచాయ్ అనే వాణిజ్య పత్రికా సంస్థ 2013లో మొదలుపెట్టిన జాబితా. అందులో 337 నగరాలు ఉంటాయి. పెద్ద బ్రాండ్ల దుకాణాలు ఎన్ని ఉన్నాయి, రైళ్ళు విమానాల రాకపోకలు ఎంత, జనం ఆన్‌లైన్‌లో, బయట ఎంత చురుగ్గా ఉన్నారు, జీవనశైలిలో ఎంత వైవిధ్యం ఉంది, ముందుముందు పెరిగే అవకాశం ఎంత అన్నవి కొలిచి మార్కులు వేస్తారు. పైన ఆ నాలుగు నగరాలే ఉంటాయి. వాటి వెనక 15 కొత్త టైర్-1, తర్వాత 30 టైర్-2, 70 టైర్-3, 90 టైర్-4, మిగిలిన 128 టైర్-5. ఏటా కొన్ని నగరాలు అటూఇటూ అవుతాయి. 2023లో కున్‌మింగ్ ఆ 15లో ఉంది. 2024లో అది దిగిపోయి వూషీ ఎక్కింది.

మీ హెచ్ఆర్‌కి ఒక్క ప్రశ్న వేయండి: "మన పట్టికలో సుజౌ ఏ టైర్?" వూషీ పక్కనే ఉన్న సుజౌ జీడీపీలో దేశంలో ఆరో నగరం. గణాంక సంస్థ 70లో దాని పేరే లేదు. డాంగ్‌గ్వాన్ లేదు, ఫోషాన్ లేదు. జీవన వ్యయం కొలవడానికి ఆ జాబితా పనికిరాదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

కృష్ణా కరకట్ట
ఆరో పెద్ద నగరం జాబితాలో లేకపోవడం ఏంటి సార్? మర్చిపోయారా?

తూర్పుగాలి
మర్చిపోలేదు. ఆ టైర్-2లోని 31 పేర్లు చూస్తే వాటిని ఎలా ఎంచుకున్నారో తెలిసిపోతుంది. లాసా, టైర్-1లో ఉన్న గ్వాంగ్జౌ తప్ప మిగిలిన ప్రావిన్సుల, స్వయంపాలిత ప్రాంతాల రాజధానులన్నీ ఉన్నాయి. వాటికి టియాంజిన్, చోంగ్‌చింగ్ కలిపారు. రాజధాని కాకపోయినా హోదా ఎక్కువ ఉన్న దాలియన్, చింగ్‌దావ్, నింగ్బో, షియామెన్ కలిపారు. అంటే డబ్బు ఎక్కడ ఉందని కాదు, హోదా ఎవరికి ఉందని చూసి ఎంచుకున్నారు. షినింగ్, యిన్‌చువాన్ లాంటి చిన్న రాజధానులు టైర్-2 అయ్యాయి. లక్ష కోట్ల యువాన్లు దాటిన వూషీ టైర్-3 అయింది.

చైనా నగరాల గురించి ఏ ర్యాంకు చూసినా దాని వెనక ఈ హోదా ఉంటుంది. నేను షాంఘైలో, సుజౌలో చాలా ఏళ్ళు ఉన్నాను. ఇక్కడి వాళ్ళు "టైర్" అని మాట్లాడుకునేది ఇళ్ళ కొనుగోలు గురించో ఉద్యోగాల గురించో. ప్రభుత్వ ఆఫీసులో లెక్కలోకి వచ్చేది పాలనా స్థాయి ఒక్కటే.

లెక్కల మాస్టారు
తూర్పుగాలి గారూ, ఆ పాలనా స్థాయిలు కాస్త వివరంగా చెప్పండి. మా మనవడు సోషల్ ప్రాజెక్టు కోసం అడిగాడు. ఒకచోట చైనాలో 690 నగరాలని ఉంది, ఇంకోచోట 293 అని ఉంది. మీరేమో 337 అంటున్నారు.

తూర్పుగాలి
నమస్కారం మాస్టారూ. మూడు అంకెలూ సరైనవే.

అన్నింటికన్నా పైన నాలుగు నగరాలున్నాయి. బీజింగ్, షాంఘై, టియాంజిన్, చోంగ్‌చింగ్. ఇవి ఏ ప్రావిన్సు కిందా లేవు, కేంద్రానికే జవాబుదారీ. చోంగ్‌చింగ్‌ని 1997లో సిచువాన్ నుంచి విడదీసి ఈ స్థాయికి తెచ్చారు. వీటి మేయర్లకు కేంద్ర మంత్రి హోదా. అసలు పెద్ద మేయర్ కాదు, నగర పార్టీ కార్యదర్శి. ఈ నాలుగు చోట్లా ఆయన మామూలుగా పార్టీ పొలిట్‌బ్యూరోలో ఉంటాడు.

వాటి కింద 15 ఉప-ప్రావిన్సు నగరాలు: గ్వాంగ్జౌ, షెన్‌జెన్, చెంగ్డూ, వూహాన్, హాంగ్జౌ, నాన్‌జింగ్, షియాన్, హర్బిన్ లాంటివి. కాగితం మీద ప్రావిన్సు కిందే ఉంటాయి. కానీ వాటి మేయర్‌కి ఉప మంత్రి హోదా ఉంటుంది. వీటిలో రాజధానులు కాని దాలియన్, చింగ్‌దావ్, నింగ్బో, షియామెన్, షెన్‌జెన్‌లకు ఇంకో ప్రత్యేకత ఉంది. వాటి ఆదాయ వ్యయాల లెక్క ప్రావిన్సుతో కాకుండా నేరుగా కేంద్రంతో నడుస్తుంది. అందుకే గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సుకి షెన్‌జెన్ తమ ప్రాంతంలోనే ఉన్నా దాని పన్ను సొమ్ము పూర్తిగా చేతికి రాదు.

ఆ కింద ప్రిఫెక్చర్ స్థాయి నగరాలు. ఉప-ప్రావిన్సు నగరాలను కూడా కలుపుకుంటే ఈ స్థాయిలో మొత్తం 293. సుజౌ, వూషీ, డాంగ్‌గ్వాన్ ఇక్కడ ఉంటాయి. ప్రిఫెక్చర్ అంటే మన జిల్లా ఎంత ఉంటుందో అంత, ఒక్కోసారి చాలా పెద్దది. ఈ 293కి నగరం హోదా లేని మరో 40 ప్రిఫెక్చర్లు కలిపితే 333, వాటికి పైనున్న నాలుగు కలిపితే 337. యీచాయ్ జాబితా అదే.

దాని కింద కౌంటీ స్థాయి నగరాలు, దాదాపు 400. పైనున్న నాలుగు, ఆ 293, ఈ దాదాపు 400 కలిపితే మీ మనవడికి దొరికిన 690కి దగ్గరి అంకె వస్తుంది.

కృష్ణా కరకట్ట
అంటే నగరంలో నగరం ఉంటుందా?

తూర్పుగాలి
ఉంటుంది. సుజౌ నగరం కింద కున్‌షాన్ నగరం ఉంది. కున్‌షాన్ జీడీపీ 2022లో 50,000 కోట్ల యువాన్లు దాటింది. దేశంలో ఆ మాట అనిపించుకున్న మొదటి కౌంటీ స్థాయి నగరం అదే. కొన్ని ప్రావిన్సుల రాజధానుల కన్నా ఎక్కువ. షాంఘై మెట్రో 11వ లైను 2013 నుంచి కున్‌షాన్ సరిహద్దు లోపలికి వెళ్తోంది. అయినా కున్‌షాన్ యీచాయ్ జాబితాలో కనిపించదు. ఎందుకంటే అది సుజౌ లెక్కలో కలిసిపోయింది.

1980ల మొదటి నుంచి చాలా ప్రిఫెక్చర్లను రద్దు చేసి, ఆ ప్రాంతమంతటినీ అక్కడి ప్రధాన నగరం పాలన కిందికి తెస్తూ వచ్చారు. చుట్టూ ఉన్న పల్లెలు, కొండలు, గడ్డి మైదానాలు అన్నీ "నగరం" లోపలికి వచ్చాయి. ఇన్నర్ మంగోలియాలో హులున్‌బుయిర్ నగరం విస్తీర్ణం 2.5 లక్షల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ 1.63 లక్షలు. అక్కడ చాలాభాగం మేత భూములు, అడవి.

లెక్కల మాస్టారు
మరి "ప్రపంచంలో అతిపెద్ద నగరం చోంగ్‌చింగ్, జనాభా 3 కోట్ల 20 లక్షలు" అని మన పత్రికల్లో వస్తుంది. అది ఈ లెక్కేనా?

పట్నం పిల్ల
దీనికి నేను జవాబిస్తాను మాస్టారూ, నేను నగర ప్రణాళికలో పీజీ చేస్తున్నాను.

అవును, 2020 జనగణనలో చోంగ్‌చింగ్ మొత్తం జనాభా 3.2 కోట్లు. కానీ విస్తీర్ణం 82,400 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ 1.12 లక్షలు, అంటే మన రాష్ట్రంలో దాదాపు మూడొంతుల భాగం అన్నమాట. అందులో వరి పొలాలున్నాయి, యాంగ్జీ లోయలున్నాయి. అదే జనగణనలో నగర ప్రాంతంలో ఉన్నవాళ్ళని మాత్రమే లెక్కిస్తే 1.63 కోట్లు. అప్పుడు షాంఘై 1.99 కోట్లు, బీజింగ్ 1.78, షెన్‌జెన్ 1.74 తర్వాత చోంగ్‌చింగ్ నాలుగోది అవుతుంది.

ఈ నగర జనాభా లెక్కకి ఒక ప్రభుత్వ వర్గీకరణ ఉంది. అది 2014లో వచ్చింది. 50 లక్షల నుంచి కోటి లోపు ఉంటే "అతి పెద్ద", కోటి దాటితే "మహా" నగరం. 10 లక్షల నుంచి 50 లక్షల వరకు "పెద్ద", అందులో 30 లక్షల దగ్గర గీత గీసి రెండు రకాలు చేశారు. 50 వేలు ఉన్నా 4 లక్షలున్నా చిన్న నగరమే, 5 నుంచి 10 లక్షలు మధ్య రకం. అంతకుముందు 1989 చట్టంలో 5 లక్షలు దాటితే చాలు పెద్ద నగరం. పాతికేళ్ళలో జనం ఎంత కదిలారో ఈ మార్పులో తెలుస్తుంది.

2020 జనగణన ప్రకారం మహా నగరాలు ఏడు: షాంఘై, బీజింగ్, షెన్‌జెన్, చోంగ్‌చింగ్, గ్వాంగ్జౌ, చెంగ్డూ, టియాంజిన్. వాటి తర్వాత అతి పెద్దవి 14. సుజౌ ఆ 14లో కూడా లేదు. మొత్తం 1.27 కోట్ల మంది ఉన్నా కున్‌షాన్ లాంటి కౌంటీ స్థాయి నగరాలను విడిగా లెక్కేస్తారు కాబట్టి మిగిలిన సుజౌ "పెద్ద నగరం" దగ్గరే ఆగిపోయింది. జీడీపీలో ఆరోది, జనాభా వర్గంలో నానింగ్, గుయియాంగ్‌ల పక్కన!

బేగంబజార్ శ్రీను
ఇవన్నీ చదువుతుంటే ఒకటి అడగాలనిపిస్తోంది. నేను యీవూ నుంచి ఫ్యాన్సీ సామాన్లు, ప్లాస్టిక్ బొమ్మలు తెప్పిస్తాను. ప్రపంచంలో ఎక్కడి వ్యాపారి అయినా ఆ ఊరు తెలియదనడు. ఇంటర్నేషనల్ ట్రేడ్ సిటీలోనే 75,000 దాకా షాపులున్నాయి. ఇండియన్ హోటళ్ళున్నాయి, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు రోజూ ఎదురవుతారు. మరి యీవూ ర్యాంకు ఎంత? నేను ఏ జాబితాలోనూ దాన్ని చూడలేదు.

తూర్పుగాలి
శ్రీను గారూ, యీవూ కూడా కౌంటీ స్థాయి నగరమే. జెజియాంగ్‌లో జిన్‌హువా నగరం కింద ఉంటుంది. జిన్‌హువా గణాంక సంస్థ టైర్-3లో ఉంది, యీవూ ఎక్కడా విడిగా లేదు.

బేగంబజార్ శ్రీను
అయితే నా అభిప్రాయం రాస్తాను, తప్పుగా అనుకోవద్దు. మీరు మొదటి నుంచీ హోదా, హోదా అంటున్నారు. యీవూలో 1982లో చిన్న వ్యాపారులకు బజారు తెరిచినప్పుడు ఆ ఊరికి ఏ హోదా ఉంది? రేవూ లేదు, రాజధానీ కాదు. చక్కెర, చిల్లర సామాన్లు అమ్ముకునేవాళ్ళు కట్టిన ఊరది. హోదా చూసి డబ్బు వస్తుందన్నది ఒప్పుకోను. వ్యాపారం నడిస్తే ఊరు అదే ఎదుగుతుంది.

పట్నం పిల్ల
శ్రీను గారు చెప్పింది సగం వరకు నిజం. యీవూ మొదలైంది వ్యాపారులతోనే. కానీ పెరిగాక ఏమైంది? కస్టమ్స్ కావాలి, విదేశీయుల వీసాల పని కావాలి, పెద్ద ప్రాజెక్టులకు అనుమతి కావాలి. కౌంటీ స్థాయి ఆఫీసుకి ఆ అధికారాలు లేవు. ప్రతిదానికీ జిన్‌హువాకి, ప్రావిన్సు రాజధాని హాంగ్జౌకి వెళ్ళాలి. 2006లో జెజియాంగ్ ప్రావిన్సు యీవూకి ప్రిఫెక్చర్ స్థాయి ఆర్థిక అధికారాలు ఇచ్చింది. 2011లో కేంద్రం అంతర్జాతీయ వాణిజ్య సంస్కరణలకు దాన్ని ప్రయోగ నగరంగా ఎంచుకుంది. పేరులో కౌంటీ స్థాయే, చేతిలో అధికారాలు మాత్రం పై స్థాయివి. అంటే ఎదిగిన ఊరికి కూడా చివరికి హోదానే కావలసి వచ్చింది కదా.

వెన్‌జౌ దగ్గర లాంగ్‌గాంగ్ కథ కూడా అంతే. 1984లో రైతులు సొంత డబ్బుతో కట్టుకున్న పట్టణం అది. జనం లక్షల్లోకి వెళ్ళినా పాలనలో అది ఒక మామూలు మండలం స్థాయి పట్టణమే. అంత జనానికి సరిపడా సిబ్బంది కూడా ఉండరు. 2019లో దాన్ని నేరుగా కౌంటీ స్థాయి నగరం చేశారు. ముప్పై అయిదేళ్ళు పట్టింది.

బేగంబజార్ శ్రీను
అదే నేనూ అంటున్నాను తల్లీ. ముందు ఊరు ఎదిగింది, తర్వాత హోదా వచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఆపింది ఎవరు?

పట్నం పిల్ల
ఆ ప్రశ్న న్యాయమైనదే. 1997లో కౌంటీలను నగరాలుగా మార్చడం పూర్తిగా ఆపేశారు. పల్లెలే ఎక్కువున్న కౌంటీలు కూడా హోదా కోసం నగరం పేరు పెట్టుకుంటున్నాయని ఆపారు. నిజంగా ఎదిగిన ఊళ్ళు కూడా ఆ దెబ్బకి చాలా ఏళ్ళు ఆగిపోయాయి.

కృష్ణా కరకట్ట
జనాభా వర్గం వల్ల నిజంగా ఏమైనా మారుతుందా, లేక కాగితం మీద పేరేనా?

పట్నం పిల్ల
మెట్రో ఒక్కటి చూడండి. 2018 నిబంధన ప్రకారం మెట్రో కోసం దరఖాస్తు పెట్టాలంటే నగర జనాభా 30 లక్షలు దాటాలి, జీడీపీ 30,000 కోట్ల యువాన్లు ఉండాలి, బడ్జెట్ ఆదాయం 3,000 కోట్ల యువాన్లు ఉండాలి. 2003 నిబంధనలో జీడీపీ 10,000 కోట్లు, ఆదాయం 1,000 కోట్లు ఉంటే సరిపోయేది. అప్పులు పెరుగుతున్నాయని గీత పైకి జరిపారు. ఇన్నర్ మంగోలియాలోని బావ్‌టౌ నగరం పనులు మొదలుపెట్టాక 2017లో మెట్రో ఆపేయాల్సి వచ్చింది.

అందుకే పక్క ఊరిని కలుపుకోవడం మీద నగరాలకు అంత ఆసక్తి. 2011లో చావ్‌హు అనే ప్రిఫెక్చర్ స్థాయి నగరాన్నే రద్దు చేసి హఫేయ్, వూహు, మాన్‌షాన్‌లకు పంచారు. 2019లో లాయ్‌వూ నగరం జినాన్‌లో కలిసిపోయింది. పటం మీద ఒక గీత చెరిపేస్తే మరుసటి ఏడాది జీడీపీ, జనాభా రెండూ పెరుగుతాయి. ర్యాంకుల పట్టిక చదివేటప్పుడు ఇది తప్పకుండా చూడాలి. హఫేయ్ ఎదుగుదల అంతా కలుపుకోవడం వల్లే అనను. 2008లో డిస్‌ప్లే ప్యానెళ్ళ కంపెనీ బీఓఈకి, 2020లో ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ నియోకి నగర ప్రభుత్వమే పెట్టుబడి పెట్టింది. ఆ సాహసం వేరు.

డాక్టరమ్మ_యీచాంగ్
చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నాను. మెట్రో కన్నా పెద్ద విషయం ఎవరూ ఎత్తలేదు, హుకౌ, అంటే కుటుంబ నివాస నమోదు.

నేను హుబేయ్‌లోని యీచాంగ్‌లో ఎంబీబీఎస్ చేశాను. త్రీ గోర్జెస్ డ్యామ్ ఉన్న ఊరు, అన్ని జాబితాల్లోనూ టైర్-3. మా వార్డులో పనిచేసే నర్సు ఒకావిడ భర్త షెన్‌జెన్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి. కొడుకు మాత్రం పల్లెలో నానమ్మ దగ్గర పెరుగుతున్నాడు. "మీరంతా ఒకచోట ఎందుకు ఉండరు?" అని అడిగితే హుకౌ అంది. ఈ నగరాల ర్యాంకులు మనుషుల్ని ఎంతగా విడదీస్తాయో నాకు అప్పుడు అర్థమైంది.

1958 నుంచి చైనాలో ప్రతి కుటుంబం ఎక్కడో ఒకచోట నమోదై ఉంటుంది. ప్రభుత్వ బడి, వైద్య బీమా, కొన్ని పెద్ద నగరాల్లో ఇల్లు కొనే అర్హత, అన్నింటికన్నా ముఖ్యంగా పిల్లలు గావ్‌కావ్ ప్రవేశ పరీక్ష ఎక్కడ రాయాలి అన్నది ఆ నమోదుకే ముడిపడి ఉంటాయి. కాలేజీ సీట్లు ప్రావిన్సుల వారీగా పంచుతారు. బీజింగ్ హుకౌ ఉన్న పిల్లకీ, హెనాన్ హుకౌ ఉన్న పిల్లకీ పోటీ ఒకటి కాదు. 2023 చివరికి నగరాల్లో ఉంటున్నవాళ్ళు జనాభాలో 66 శాతం. నగర హుకౌ ఉన్నవాళ్ళు 48 శాతం. ఈ మధ్యలో ఉన్న 18 శాతం అంటే పాతిక కోట్ల మంది.

ఇప్పుడు పట్నం పిల్ల చెప్పిన జనాభా వర్గం దగ్గరికి రండి. హుకౌ ఎంత సులువుగా ఇవ్వాలో ఆ వర్గమే చెబుతుంది. 30 లక్షల లోపు నగరాలు ఆంక్షలు ఎత్తేయాలని, 30 నుంచి 50 లక్షల వాళ్ళు బాగా సడలించాలని 2019లో కేంద్రం చెప్పింది. అంతకన్నా పెద్ద నగరాల్లో చదువు, బీమా కట్టిన ఏళ్ళు, ఉద్యోగం అన్నీ కలిపి పాయింట్లు లెక్కిస్తారు. బీజింగ్, షాంఘై అయితే జనాభాకే హద్దు పెట్టుకున్నాయి, 2035 వరకు 2.3 కోట్లు, 2.5 కోట్లు. అంటే ఉద్యోగాలు లేని ఊళ్ళో హుకౌ దొరుకుతుంది, ఉద్యోగాలున్న ఊళ్ళో దొరకదు.

ఆ నర్సు గారిలాంటి వాళ్ళకి "కొత్త టైర్-1" అన్న మాట వ్యాపార వార్త కాదు. చెంగ్డూ, చాంగ్షా లాంటి చోట్ల మంచి ఉద్యోగమూ ఉంటుంది, ఇల్లు కొనుక్కోగలరు, హుకౌకి దారీ ఉంది. అందుకే మా బ్యాచ్‌లోని చైనా విద్యార్థులు బీజింగ్ కన్నా చెంగ్డూ వైపు చూసేవారు.

లెక్కల మాస్టారు
అమ్మా, చాలా మంచి విషయం రాశారు. ఒక సందేహం. ఆంక్షలు లేని చిన్న నగరాలకు జనం వెళ్తున్నారా?

డాక్టరమ్మ_యీచాంగ్
తక్కువ మాస్టారూ. హెయ్‌లాంగ్‌జియాంగ్‌లో హెగాంగ్ అనే బొగ్గు నగరం ఉంది. గనులు తగ్గాయి, కుర్రవాళ్ళు వెళ్ళిపోయారు. 2019లో అక్కడ ఫ్లాట్లు కొన్ని పదివేల యువాన్లకే అమ్ముడుపోతున్నాయని దేశమంతా మారుమోగింది. 2021 చివరిలో నగర ప్రభుత్వం ఆర్థిక సర్దుబాటులోకి వెళ్ళి కొత్త నియామకాలు ఆపేసింది. అదీ ప్రిఫెక్చర్ స్థాయి నగరమే, హోదాలో సుజౌతో సమానం.

తూర్పుగాలి
డాక్టర్ గారు చెప్పిన హెగాంగ్ మాట నా వాదనకు అడ్డొస్తుంది, ఒప్పుకుంటాను. హోదా ఒక్కటే ఊరిని నిలబెట్టదు. కానీ అది ఉన్నచోట ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, రైల్వే జంక్షన్లు పోగవుతాయి. షినింగ్, లాన్‌జౌల్లో అది కళ్ళకు కనిపిస్తుంది. హెగాంగ్‌కి ప్రిఫెక్చర్ హోదా ఉంది గానీ రాజధాని హర్బిన్, ఆ ప్రావిన్సు వనరుల్లో పెద్ద వాటా హర్బిన్‌కే వెళ్తుంది.

కృష్ణా కరకట్ట
మన దగ్గర టైర్ల సంగతి కూడా ఇలాంటిదేనా? హైదరాబాద్ టైర్-1, వైజాగ్ టైర్-2 అంటాం కదా.

లెక్కల మాస్టారు
కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం కోసం నగరాలను ఎక్స్, వై, జెడ్ అని విడదీశారు బాబూ. జనాభా 50 లక్షలు దాటితే ఎక్స్. అలాంటివి ఎనిమిది, వాటిలో హైదరాబాద్ ఒకటి. 5 లక్షల నుంచి 50 లక్షల వరకు వై. విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ అందులో ఉన్నాయి. జీతం లెక్కకే తప్ప దానితో మేయర్ హోదా మారదు, మన పిల్లల పరీక్ష హక్కూ మారదు. చైనా వర్గీకరణకీ దీనికీ పోలిక అక్కడితో ఆగిపోతుంది.

గాజువాక వంశీ
అందరికీ చాలా థ్యాంక్స్. తూర్పుగాలి గారి సుజౌ ప్రశ్న ఈరోజు హెచ్ఆర్‌లో అడిగాను. వాళ్ళ పట్టికలో సుజౌ లేదు, అక్కడికి వెళ్ళినవాళ్ళకి షాంఘై రేటు ఇచ్చారట. వూషీ విషయం మళ్ళీ చూస్తామన్నారు. పని చేయాల్సిన ప్లాంటు అడ్రసు కూడా పంపారు. అందులో "జియాంగ్‌యిన్, వూషీ, జియాంగ్‌సు" అని ఉంది. జియాంగ్‌యిన్ అంటే వూషీలో ఒక ఏరియానా?

తూర్పుగాలి
ఏరియా కాదు వంశీ గారూ. జియాంగ్‌యిన్ వూషీ కింద ఉన్న కౌంటీ స్థాయి నగరం, యాంగ్జీ ఒడ్డున ఉంటుంది. బట్టల మిల్లులు, ఉక్కు, లోహపు పనులు ఎక్కువ. ధనిక కౌంటీల జాబితాలో కున్‌షాన్‌తో పోటీపడే ఊరు. వూషీ నడిబొడ్డు నుంచి చాలా దూరం. 2024లో వూషీ నుంచి అక్కడికి ఎస్1 రైలు మొదలైంది కాబట్టి రాకపోకలు ఇప్పుడు నయం.

హెచ్ఆర్‌తో "వూషీ కొత్త టైర్-1" అని వాదించడం ఇక ఆపేయండి. యీచాయ్ మార్కులు వూషీ మొత్తానికి వేసినవి, అందులో నడిబొడ్డు మాల్స్ వాటా ఎక్కువ. జియాంగ్‌యిన్‌లో అద్దెలు అంతకన్నా తక్కువే ఉంటాయి. భత్యం మిగులుతుంది కూడా. మీకు అసలు ఖర్చు పాప బడి దగ్గర వస్తుంది. ఇంగ్లీషులో చెప్పే బడులు ఎక్కువగా వూషీ నగరంలో, సుజౌలో ఉంటాయి. ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నది ముందు ప్లాంటు అడ్రసుని బట్టి కాదు, బడిని బట్టి చూడండి. హెచ్ఆర్‌ని అడగాల్సింది కూడా టైర్ మార్చమని కాదు, బడి ఫీజు, ప్లాంటుకి రోజూ వెళ్ళొచ్చే రవాణా భరించమని.

డాక్టరమ్మ_యీచాంగ్
పాప వయసెంత వంశీ గారూ? కిండర్‌గార్టెన్ అయితే స్థానిక ప్రైవేటు బడిలో చేర్చినా ఇబ్బంది ఉండదు, ఆరు నెలల్లో చైనీస్ మాట్లాడేస్తారు. ఒకటో తరగతి దాటితే తూర్పుగాలి గారు చెప్పినట్టే చేయండి. అక్కడికి వెళ్ళగానే 24 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ముగ్గురి నివాస నమోదు చేయించడం మర్చిపోకండి. హోటల్లో దిగితే వాళ్ళే చేస్తారు. ఇల్లు తీసుకుంటే మీరే చేయించాలి.

గాజువాక వంశీ
పాపకి నాలుగేళ్ళు డాక్టర్ గారూ. అయితే జియాంగ్‌యిన్‌లోనే ఇల్లు చూస్తాను. రవాణా బదులు బడి ఫీజు అడుగుతాను.